సున్నాకు తోక

సీడర్ ఫోర్క్, టెక్సాస్
అక్టోబరు 10, 1965

ఒరే రాయిస్,

నువ్వు ఓడెక్కి ఏడు వారాలు. నేను బాగున్నాను, తోటా బాగుంది. నీకోసం పీచు పళ్ళు పన్నెండు సీసాల్లో పాకం పట్టి దాచాను. ఇప్పటికి పదకొండున్నాయి. పన్నెండో సీసా సంగతి నన్నడక్కు.

ఊళ్ళో ఒకటే గోల. మన జాన్సన్ సంతకం పెట్టిన మెడికేర్ చట్టం గురించే ఎక్కడ విన్నా కబుర్లు. అరవై అయిదు దాటిన ముసలివాళ్ళకి వచ్చే జూలై నుంచి ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుందట. మార్చి ఆఖరులోగా పేర్లు రాయించుకోవాలట. కొందరు ఆయన్ని తిడుతున్నారు. తిట్టనీ. మన పక్క కొండల్లో మేకల మధ్య పెరిగినవాడు దేశానికి ప్రెసిడెంటయితే కళ్ళు కుట్టవూ? నేను మాత్రం ఆయన్ని ఒక్క మాట అననివ్వను. ఈ ఇంటికి కరెంటు వచ్చింది ఆయన పుణ్యాన. అంతకు ముందు బావిలో నీళ్ళు తోడీ తోడీ నా వీపు వంగిపోయింది.

పాస్టరుగారి భార్య కాగితాలు పట్టుకుని మనింటికి కూడా వచ్చింది. "మీరూ రాయించుకోండి ఎఫీగారూ" అంది. "నాకింకా యాభైతొమ్మిదేనమ్మా, అక్కరున్న వాళ్ళని చూసుకో" అన్నాను. మోజెల్ స్టబ్స్ మొదటి రోజే వెళ్ళి రాయించుకుందట. రాయించుకోదూ మరి! ఆవిడ వయసు మొహం మీదే రాసి ఉంది.

గీతలు వంకరగా ఉంటే తప్పుపట్టకు. వంటింటి బల్లకి ఒక కాలు పొట్టి.

నీ అత్త
ఎఫీ

*

సైగాన్
నవంబరు 6, 1965

అత్తా,

నీ ఉత్తరం అందింది. పన్నెండో సీసా ఆత్మకు శాంతి కలుగుగాక.

నా గురించి బెంగపెట్టుకోకు. నన్నిక్కడ సామాన్ల గోదాములో గుమాస్తాగా వేశారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బూట్లు, దుప్పట్లు, చేపల డబ్బాలు లెక్కపెట్టి టైపు కొట్టడమే. ఉత్తరాలకు స్టాంపు కూడా అక్కర్లేదు, మూలన 'ఉచితం' అని రాస్తే చాలు. యుద్ధమంటే ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి.

ఇక అసలు సంగతి. బల్ల కాలు పొట్టి అన్నావు. బయల్దేరే ముందు రోజు దాని కింద చెక్కముక్క పెట్టి మేకు కొట్టింది నేనే కదా? ఇప్పుడది మన చర్చి గోడకంటే నిటారుగా ఉంటుంది. నీ గీతలు మాత్రం కొండెక్కి దిగుతున్నాయి. ఒక చోట మాట మీదే ఇంకో మాట రాశావు. నిజం చెప్పు అత్తా, కళ్ళేనా?

ఇంకో మాట. మా నాన్న బతికుంటే ఈ ఏడాది అరవై రెండు నిండేవి. నిన్ను ఆయన జన్మంతా 'అక్కా' అనే పిలిచాడు. యాభైతొమ్మిదేళ్ళ అక్క ఎక్కడ దొరికింది ఆయనకి?

నీ
రాయిస్

*

సీడర్ ఫోర్క్
డిసెంబరు 12, 1965

ఒరే రాయిస్,

నీకు అంత చదువు చెప్పించడం నాదే తప్పు.

సరే విను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడి కంటికి దీపం మసిబట్టిన చిమ్నీలోంచి చూసినట్టుంటుంది, ఎడమ కంటికి ఆ దీపం కూడా లేదు. నీ ఉత్తరం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో మూడు రోజులు చదివాను. శాన్ ఆంటోనియోలో ఆపరేషను చేస్తే కనపడతాయన్నాడు డాక్టరు. తోట అమ్మితే తప్ప ఆ ఆపరేషను నావల్ల కాదు. తోట అమ్మేశాక కళ్ళొచ్చి నేను చూసేదేమిటి?

మెడికేర్ సంగతి నువ్వు అనకముందే నేనూ అనుకున్నాను. కాని దానికో అడ్డు ఉంది. నవ్వనని ఒట్టేసి తర్వాతి ముక్క చదువు.

1927లో మీ ఆల్వీ మామ నన్ను చేసుకుంటానన్నప్పుడు ఆయనకి ఇరవైమూడు, నాకు ఇరవై ఏడు. వాళ్ళమ్మకి కొడుకుకన్నా పెద్దపిల్ల అంటే గిట్టదు. "మీ ఇంటి బైబిలు ఓసారి చూపించమ్మా" అంది. మన కొండల్లో పుట్టిన కాగితాలెక్కడివి? పిల్లలు పుట్టిన రోజులు బైబిలు మధ్య పేజీలో రాసుకోవడమే కదా. ఆవిడ వచ్చే ముందు రోజు నేను కలం తీసి, 1900లో చివరి సున్నాకు పైన చిన్న తోక తగిలించాను. సున్నా ఆరయింది. నేను ఇరవైయొకటి అయ్యాను. ఒక్క చిన్న తోక, రాయిస్! అంతకంటే తేలిగ్గా ఎవరూ చిన్నవాళ్ళయి ఉండరు.

తర్వాత దాన్ని వెనక్కి తీసే సందు దొరకలేదు. మామ పోయినప్పుడు సమాధి రాతి మీద ఆయన పేరు పక్కనే నా పేరూ చెక్కించాం కదా, అక్కడా 1906. రాతిమీద కూడా అబద్ధమే.

అమ్మయ్య, చెప్పేశాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నవ్వే ఉంటావు.

ఎఫీ

*

సైగాన్
జనవరి 9, 1966

తోకమ్మత్తకు,

నవ్వాను. పక్క మంచం వాళ్ళు కూడా లేచి ఎందుకని అడిగేదాకా నవ్వాను. అయినా అత్తా, నాకు ఆల్వీ మామ మీద జాలేస్తోంది. తనకన్నా రెండేళ్ళు చిన్నదనుకున్న పెళ్ళాం చేత జీవితమంతా చీవాట్లు తిన్నాడు పాపం.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. బైబిలు చంకలో పెట్టుకుని కౌంటీ ఊళ్ళో మెడికేర్ పేర్లు రాసే ఆఫీసుకి వెళ్ళు. ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గు ఒక్క రోజు ఉంటుంది, కళ్ళు ఇరవై ఏళ్ళుంటాయి. నేను తిరిగొచ్చి గేటు తీసినప్పుడు ఎవరో సామాన్లమ్మేవాడనుకుని నన్ను తరిమేస్తే ఊరుకోను.

ఇక్కడంతా మామూలే. దుప్పట్లు, బూట్లు.

రాయిస్

*

సీడర్ ఫోర్క్
ఫిబ్రవరి 20, 1966

ఒరే రాయిస్,

వెళ్ళాను. నీ మాట విన్నందుకు నా పరువు ఎలా పోయిందో విను.

బల్ల వెనక ఒక చిన్న పిల్ల, మర్యాదస్తురాలు. బైబిలు తెరిచి వేలితో చదివింది. "ఎఫీ, 1906. తర్వాత తమ్ముడు, 1903." ఆగింది. మళ్ళీ చదివింది. "అమ్మగారూ, మొదట పుట్టిన మీరు మీ తర్వాత పుట్టిన తమ్ముడి కంటే మూడేళ్ళు చిన్నవారా?" అంది. మా ఆయన ముప్పై ఏళ్ళ కాపురంలో చూడనిది ఆ పిల్ల అరనిమిషంలో చూసింది. నేను తోక కథ చెప్పాను. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించింది.

దిద్దిన బైబిలు పనికిరాదట. వాషింగ్టన్‌లో పాత జనాభా లెక్కలు వెతికించవచ్చు గాని నెలలు పడుతుందట. "చిన్నప్పటి నుంచి మిమ్మల్ని ఎరిగిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే, మీ వయసు ఇదని వచ్చి ప్రమాణం చేస్తే చాలు" అంది.

నాతో చదువుకున్నవాళ్ళలో బతికున్నది ఒక్కరే. మోజెల్ స్టబ్స్.

నువ్వు పుట్టకముందు గొడవ ఇది. నా పెళ్ళి నెలలోనే చర్చి భోజనాల దగ్గర అందరి ముందూ మోజెల్ "ఎఫీకి ఇరవైయొకటేమిటి, బళ్ళో నాతో ఒకే బెంచీ మీద కూర్చునేది" అంది. నేను "నువ్వు అబద్ధాలకోరువి" అన్నాను. అప్పటి పాస్టరుగారు బైబిలు చూసి, మోజెల్ చేత నాకు క్షమాపణ చెప్పించారు. ఆ రోజు నుంచి ఆవిడ చర్చిలో ఎడమ పక్క, నేను కుడి పక్క. ముప్పై తొమ్మిదేళ్ళు, ఒక్క మాట లేదు.

అలాంటి గుమ్మం ఎక్కాను రాయిస్. తలుపు తీసింది. అంత దగ్గర్లో నిలబడ్డా ఎవరో పోల్చుకోలేకపోయాను, గొంతు విన్నాకే ఆవిడేనని తెలిసింది. సంగతి చెప్పాను. చేతులు కట్టుకుని అంతా వింది.

"ఎఫీ రాట్లిఫ్‌కి అరవై అయిదా? అబ్బే! యాభైతొమ్మిదే. పాస్టరుగారే తేల్చారుగా. ఆ తర్వాత నేను క్షమాపణ కూడా చెప్పాను" అంది.

"మోజెల్, నాకు కళ్ళు కనపడటం లేదే" అన్నాను.

కట్టుకున్న చేతులు విప్పింది. తర్వాత "ప్రమాణం చేస్తాను. కాని ఎక్కడ నన్ను అబద్ధాలకోరన్నావో అక్కడే, భోజనాల బల్ల దగ్గరే నిలబడి, అందరూ వినేలా నీ వయసు చెప్పు" అని తలుపేసుకుంది.

నేను చెప్పను రాయిస్. గుడ్డిదాన్నయినా అవుతాను గాని ఆవిడ ముందు తల వంచను.

ఎఫీ

*

సైగాన్
మార్చి 8, 1966

అత్తా,

ఒక్కటే అడుగుతాను. ఇక్కడ మేమందరం రోజూ ఎవరికి వాళ్ళం ఒక లెక్క చెప్పుకుంటాం, ఇంటికెళ్ళాక మొట్టమొదట ఏం చూడాలని. ఒకడు వాళ్ళమ్మ వంటిల్లంటాడు, ఒకడు వాడి కారంటాడు. నేను, గేటు తీసే చప్పుడుకి నువ్వు వరండాలోకొచ్చి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను గుర్తుపట్టడం చూడాలి. అది నాకు కావాలి. నీ పరువు తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టెయ్యి. నేనొచ్చి కొత్తది కొనిస్తాను.

రాయిస్

*

సీడర్ ఫోర్క్
మార్చి 28, 1966

ఒరే రాయిస్,

చేతిరాత చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మోజెల్ రాస్తోంది. (ఆవిడ రాసిన వంకర గీతలు చూడలేక రాస్తున్నాను. స్నేహంతో కాదు. మోజెల్.)

మొన్న ఆదివారం చర్చి భోజనాలు. బల్ల నిండా వేయించిన కోడి, చిక్కుళ్ళు, బంగాళాదుంపల సలాడు. నేను కాల్చి తెచ్చిన పీచు పళ్ళ 'పై' రొట్టె ఈ చివర, ఆవిడ తెచ్చింది ఆ చివర, ఎప్పట్లాగే. (జనం నాది ముందు తిన్నారు. మోజెల్.) పాస్టరుగారు ప్రార్థన ముగించగానే లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్నవాళ్ళందరూ నాకు ఉతికి ఆరేసిన దుప్పట్లలా కనపడ్డారు. అది ఒకందుకు మంచిదే అయింది.

"అందరూ వినండి. నేను 1900లో పుట్టాను. నాకు అరవై అయిదు. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర మోజెల్ చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడయింది. అప్పుడు ఆ చివర నుంచి చర్చి పెద్ద అయిన ముసలి డీకన్ గొంతు: "ఆ సంగతి మాకందరికీ తెలుసమ్మా ఎఫీ. ఇంక కూర్చో, కోడి చల్లారిపోతోంది."

అందరికీ తెలుసట రాయిస్! ముప్పై తొమ్మిదేళ్ళుగా! పాస్టరుగారి భార్య దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా! నేనొక్కదాన్నే దాస్తున్నాననుకుంటూ తిరిగాను. బల్లంతా పగలబడి నవ్వింది. నాకూ ఆగలేదు. మోజెల్ మాత్రం నవ్వలేదు. నా పక్కకొచ్చి కూర్చుని నా ప్లేటులో తన 'పై' ముక్క వేసింది. (రెండు ముక్కలు. మోజెల్.)

మర్నాడే ఆఫీసుకొచ్చి చెయ్యెత్తి ప్రమాణం చేసింది. పేరు రాసుకున్నారు. జూలైలో ఆపరేషను.

ఎఫీ

మోజెల్ ఇంకో ముక్క రాస్తానంటోంది, నాకు చదివి వినిపించనంటోంది. చూశావా ఈవిడ పొగరు.

రాయిస్, గోదాములో గుమాస్తా ఉత్తరాల మడతల్లోకి ఇంత ఎర్రమట్టి ఎక్కణ్ణించి వస్తోంది? మా అబ్బాయి డేల్ కొరియా యుద్ధం నుంచి వంటవాణ్ణని రాసేవాడు. వాడు పోయాక గాని మాకు తెలియలేదు. నీ అత్తకు చెప్పకపోతే చెప్పకు. నాకు మాత్రం దుప్పట్ల కథలు చెప్పకు. - మో. స్టబ్స్

*

క్వినాన్
మే 9, 1966

అత్తా,

అరవై అయిదేళ్ళ నా అందాల అత్తా! నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. 'కోడి చల్లారిపోతోంది' అన్న మాట ఇక్కడ సామెతయిపోయింది. ఎవడైనా తన గొప్పలు మొదలెడితే నలుగురూ ఒకేసారి అదే అంటున్నారు.

ఇక్కడ సముద్రం మా కిటికీలోంచి కనిపిస్తుంది. చేపలు తాజాగా దొరుకుతాయి. మోజెల్‌గారికి నా నమస్కారాలు, ఎర్రమట్టి గురించి ఆవిడ అడిగింది నిజమే. ఆ సంగతి రెండో కాగితంలో.

(రెండో కాగితం)

నువ్వు అంతమంది ముందు నిలబడి నిజం చెప్పాక నేను అబద్ధాలు రాయడం బాగోదు. నేను గుమాస్తాని కాను అత్తా, ఏ రోజూ కాను. సైగాన్‌లో లేను. ప్లేకూ దగ్గర కొండల్లో కాలిబంటుని. ఏప్రిల్ 27న ఎడమ కాలికి తూటా తగిలింది, ఇప్పుడు ఈ క్వినాన్ ఆసుపత్రిలో ఉన్నాను. కాలు ఉంది, ఉంటుంది. మోకాలు మాత్రం మునుపటిలా వంగదట. ఇంటికి తంతి పంపొద్దని నేనే సంతకం పెట్టాను.

నాతో ఉన్నవాళ్ళు ఇద్దరు పోయారు. అమ్మ వంటిల్లు చూడాలన్నవాడు ఒకడు.

ఒక ఊళ్ళో పొద్దున్న పిల్లలకి మందులిచ్చాం. సాయంత్రం అదే ఊరు ఖాళీ చేయించి ఇళ్ళు కాల్చాం. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. మనకి కరెంటిచ్చి, బళ్ళకి డబ్బిచ్చి, నల్లవాళ్ళకి ఓటు హక్కిచ్చి, నీకు కళ్ళిస్తానంటున్న మనిషే మమ్మల్నిక్కడికి పంపాడంటే నా తలకెక్కడం లేదు. నువ్వు ఆయన్ని ఒక్క మాట అననివ్వవు, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాయకుండా ఉండలేను.

నీ
రాయిస్

*

సీడర్ ఫోర్క్
మే 24, 1966

రాయిస్,

ఈ ఉత్తరం సంగతి ఎఫీకి తెలియదు.

నీ ఉత్తరంలో మొదటి కాగితం చదివి వినిపించాను. చివర్లో ఎర్రమట్టి మాట వచ్చినచోట ఆపేశాను. రెండోది చదవలేదు. ఆవిడ తోటలో ఉన్నప్పుడు నాకోసం చదువుకున్నాను, మూడుసార్లు.

జూలై 6న ఆపరేషను. తర్వాత కళ్ళకు కట్లు కట్టి, తలకు రెండు వైపులా ఇసక సంచులు పెట్టి, వారం పైగా కదలకుండా పడుకోబెడతారట. ఏడవకూడదన్నాడు డాక్టరు, రక్తపోటు కూడా పెరగకూడదట. నీ రెండో కాగితం వింటే ఆవిడ ఆపరేషను మానేసి, గుడ్డికళ్ళతోనే బస్సెక్కి వాషింగ్టన్ వెళ్ళి ఆ ఇంటి తలుపు కొడుతుంది. నీకు తెలుసు, నాకూ తెలుసు.

ముప్పై తొమ్మిదేళ్ళు నేను అబద్ధమాడని మనిషినని ఊరంతా చెప్పుకు తిరిగాను. అందుకే చెబుతున్నాను, ఇది అబద్ధం కాదు. చదవకపోవడం వేరు, అబద్ధం చదవడం వేరు. కళ్ళొచ్చాక కాగితం ఆవిడ చేతికే ఇస్తాను.

అప్పటిదాకా చేపల గురించి రాయి. బాగా రాస్తున్నావు.

మో. స్టబ్స్

*

క్వినాన్
జూన్ 7, 1966

మోజెల్‌గారికి,

మా అత్త మీ గురించి చిన్నప్పటి నుంచి చెప్పినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు, 'పై' గురించి ఆవిడ మాట మీదే ఉంటాను.

మీరు చెప్పినట్టే చేపలు రాస్తాను. నన్ను జపాను మీదుగా ఇంటివైపు పంపిస్తున్నారు. ఆగస్టుకి శాన్ ఆంటోనియో మిలిటరీ ఆసుపత్రిలో ఉంటాను. మీ డేల్ గురించి నాకు తెలియదు. అడగనందుకు క్షమించండి.

రాయిస్ టాలివర్

*

సీడర్ ఫోర్క్
ఆగస్టు 3, 1966

ఒరే రాయిస్,

చూడు ఈ గీతలు! స్కేలు పెట్టి గీసినట్టు! నా చేత్తో నేనే రాస్తున్నాను, బల్ల కింద నువ్వు కొట్టిన మేకు కూడా కనిపిస్తోంది.

కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. పెట్టుకుంటే గుడ్లగూబలా ఉన్నానంది మోజెల్. నేనామెను చూసి ఇంకా ఘోరమైన మాటన్నాను. కాని రాయిస్, ఆకులు! పీచు చెట్టుకి ఇన్ని ఆకులుంటాయని మర్చేపోయాను. ఇల్లంతా ఇంత మురిగ్గా ఉందని మోజెల్ ఒక్కసారైనా చెప్పిందా?

ఆసుపత్రిలో నా పక్క మంచంలో ఒక నల్లావిడ, ఆవిడకీ శుక్లాలే. ఇద్దరికీ కట్లు, ఇద్దరికీ ఇసక సంచులు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఎనిమిది రోజులు కబుర్లు చెప్పుకున్నాం. కిందటి ఏడాదయితే మా ఇద్దర్నీ ఒకే గదిలో ఉంచేవాళ్ళు కాదట. మెడికేర్ డబ్బు కావాలంటే అలా కుదరదని జాన్సన్ గట్టిగా చెప్పాడట. "చూశావా మనవాడు!" అన్నాను. ఆవిడ, "మంచివాడే. నా మనవడు మాత్రం అక్కడున్నాడు" అంది. "మా వాడు గుమాస్తా, భయం లేదు" అని చెప్పాను.

ఇంటికి రాగానే నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మే నెల ఉత్తరం 'ఆ సంగతి రెండో కాగితంలో' అని ఆగిపోయింది, కింద నీ పేరు లేదు. నువ్వు పేరు పెట్టకుండా ఉత్తరం ముగించవు. మోజెల్‌ని పిలిచాను. వెళ్ళి బైబిలు తెచ్చి, పుట్టిన తేదీల పేజీ తెరిచింది. నా తోక పక్కనే మడతపెట్టి ఉంది నీ రెండో కాగితం.

చదివాను. ఏడవచ్చా అని మోజెల్‌ని అడిగాను. ఇప్పుడు ఏడవచ్చంది డాక్టరులాగా. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆవిడ డేల్ ఉత్తరాలు తెచ్చింది. పదిహేనేళ్ళుగా ఎవరికీ చూపించలేదట. వంటల గురించే ఉన్నాయి అన్నీ. ఎంత బాగా రాశాడో!

నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది. జాన్సన్‌ని నేనెవర్నీ ఒక్క మాట అననివ్వనని నువ్వు అంత మాట గొంతులోనే దాచుకున్నావు.

మర్నాడు పేపరు తెరిచాను. రెండేళ్ళ తర్వాత పేపరు! చిన్న అక్షరాలు కూడా కనపడుతున్నాయన్న సంబరంలో పైకి గట్టిగా చదువుతూ పోయాను, పేరు, వయసు, ఊరు, పేరు, వయసు, ఊరు. నాలుగో పేరు దగ్గర తెలిసింది అవి ఏ పేర్లో. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది. నేను దొంగతనంగా తగ్గించుకున్న వయసుకు కూడా రాలేదు ఆ పిల్లలు.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటుకు ఉత్తరం రాశాను. రెండు కాగితాలు. మొదటిదాంట్లో కరెంటుకీ, కళ్ళకీ, పక్క మంచం ఆవిడకీ మనసారా దండాలు పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రెండోదాంట్లో ఇలా రాశాను: 'అయ్యా, మీరిచ్చిన కళ్ళతో నేను మొట్టమొదట చదివింది మీరు పంపిన పిల్లల పేర్లు. దీనికా నాకు కళ్ళిచ్చారు? మా పిల్లల్ని ఇంటికి రప్పించండి. నేను ముప్పై తొమ్మిదేళ్ళు ఒక తప్పు మీద మొండిగా నిలబడ్డాను. లేచి నిజం చెబితే పోయేదేమీ లేదయ్యా, అందరికీ అప్పటికే తెలిసి ఉంటుంది.'

రెండూ వేరువేరుగా పంపుదామా అన్నాను. "రెండూ చేసింది ఒక్క మనిషే, ఒక్క కవరులోనే వెయ్యి. వాళ్ళు మొదటి కాగితమే చదివి వినిపించకుండా, రెండోది పైన పెట్టు" అంది మోజెల్. అలాంటివి ఆవిడకు బాగా తెలుసు.

రాతిపనివాడొచ్చి సమాధి మీద ఆరుకున్న తోక చెక్కేశాడు. ఆ చోట గుంట పడింది. పడనీ.

ఎప్పుడొస్తావు?

ఎఫీ

*

శాన్ ఆంటోనియో
ఆగస్టు 14, 1966

అత్తా,

వచ్చేశాను. నీకూ నాకూ మధ్య ఇప్పుడు మూడు గంటల బస్సు ప్రయాణమే. ఆదివారాలు చూడనిస్తారు.

నీ ఉత్తరం ఇక్కడ చేతులు మారుతూ తిరుగుతోంది. చదివి జాగ్రత్తగా మడిచి తిరిగిస్తున్నారు. నాతోపాటు క్వినాన్ నుంచి వచ్చిన ఒకడు మాత్రం 'కోడి చల్లారిపోతోందని ఆయనకి ఎవరైనా చెప్పాలి' అన్నాడు.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. రెండు 'పై'లు తెండి, తీర్పు వార్డు చెబుతుంది. నేను మంచంలో ఉండను. నడవా చివర నిలబడి ఉంటాను, చేతికర్ర ఉంటుంది గాని సొంత కాళ్ళ మీదే. గేటు లేదు, వరండా లేదు, సర్దుకో. నాలాంటి వాళ్ళు ఇంకో పదిమంది ఉంటారక్కడ, అందరివీ ఒకే రంగు బట్టలు. నన్ను గుర్తుపట్టు చూద్దాం.

రాయిస్

*

సీడర్ ఫోర్క్
ఆగస్టు 23, 1966

రాయిస్,

ఎఫీ ఊరంతా తిరిగి చెబుతోంది, అంత పొడుగు నడవాలో, అంతమంది కుర్రాళ్ళలో, నువ్వు తల కూడా తిప్పకముందే నిన్ను పోల్చేశానని. పాస్టరుగారికి రెండుసార్లు చెప్పింది. ఆఫీసులో ఆ పిల్లకు చెప్పడానికి పనిగట్టుకుని కౌంటీ ఊరు వెళ్ళొచ్చింది.

నీకొక్కడికే రాస్తున్నాను. తలుపు తియ్యగానే నిన్ను చూసింది నేను. ఎడమ నుంచి మూడోవాడివి, కర్ర వెనక్కి దాచుకుని నిలబడ్డావు. నోటిదాకా వచ్చింది. ఆవిడ ఆ అద్దాలు ముక్కు మీద సర్దుకుంటూ, ఎండ లేకపోయినా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కర్నీ చూసుకుంటూ వస్తోంది. ఎంతసేపయిందో నాకు తెలియదు. నేను నోరు మూసుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాను, "అడుగో!" అని ఆవిడ అరిచేదాకా.

తర్వాత నన్నడిగింది, "నీకు కనపడ్డాడా?" అని.

"నాకెక్కడ కనపడతాడే, నీ కళ్ళముందు నావెంత" అన్నాను.

ఇది మాత్రం అబద్ధమే. ఎవరికీ చెప్పకు.

మోజెల్